గంటంటే నాలుగు కట్టలు: ఒక బీడీ కార్మికురాలి షుగర్ కేసు

నేను డైటీషియన్‌ని. ఉండేది హన్మకొండలో. నెలకు రెండు శనివారాలు కరీంనగర్ మీదుగా జగిత్యాల వైపు వెళ్లి, అక్కడ ఒక ఫిజీషియన్ గారి క్లినిక్‌లో షుగర్ పేషెంట్లకు తిండి విషయం చెబుతాను. ఈ కేసు అక్కడిది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టకుండా వయసు, కుటుంబ వివరాలు కొంత మార్చాను. ఊరి పేరు రాయడం లేదు.

టైం లేక సరిగా తినలేకపోతున్నామని చెప్పేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. ఎక్కువగా ఉద్యోగస్తులు, ప్రైవేట్ స్కూల్ టీచర్లు, కాజీపేట నుంచి హైదరాబాద్‌కు రైల్లో అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు. పొద్దంతా ఇంట్లోనే ఉండే మనిషికి టైం ఉండదన్న సంగతి పదకొండేళ్ల ప్రాక్టీసులో నాకు తట్టలేదు. అది ఈమె దగ్గర నేర్చుకున్నాను.

నేపథ్యం

నలభై నాలుగేళ్ల మహిళ. ఇరవై ఏళ్లకు పైగా బీడీలు చేస్తోంది. భర్త సౌదీలో పని చేస్తాడు, రెండేళ్లకోసారి వస్తాడు. కూతురి పెళ్లయింది. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం, ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తాడు. అత్తమ్మకు డెబ్బై దాటాయి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఎవరైనా పట్టుకుంటేనే లేస్తుంది. ఇంటి పని, అత్తమ్మ పని, బీడీల పని మూడూ ఈమెవే.

షుగర్ ఉందని తెలిసి ఐదేళ్లు. మొదట మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడింది. రెండేళ్ల నుంచి దానికి తోడు పొద్దున గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు. బరువు 58 కిలోలు, ఎత్తు 150 సెంటీమీటర్లు. నా దగ్గరికి వచ్చిన రోజు, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష హెచ్‌బీఏ1సీ 9.4. పరగడుపున 156, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు 248. హిమోగ్లోబిన్ 9.6. రక్తం తక్కువగా ఉండటం మన దగ్గర కొత్త సంగతి కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది.

బీడీ పని తెలియనివాళ్లకు రెండు మాటలు. తునికాకును ముందు రోజు సాయంత్రమే నీళ్లలో తడిపి, తడి గుడ్డలో చుట్టి పెట్టాలి. మర్నాడు కత్తెరతో కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు మడవాలి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. కార్ఖానాలో పని ఇచ్చిన రోజుల్లో ఈమె లెక్క వెయ్యి బీడీలు, అంటే నలభై కట్టలు. కోత, చుట్టడం, కట్టడం అన్నీ కలిపి పది గంటల పని. కూలీ నెల జీతం కాదు, వెయ్యికి ఇంత అని. పైగా నెలంతా పని ఉండదు కాబట్టి ఉన్న రోజుల్లో ఒక్క కట్ట తగ్గినా ఆమెకు లోటే.

ఆమె చెప్పిన బాధ

షుగర్ గురించి ఆమె మొదట అసలు మాట్లాడలేదు. "పొద్దున పదకొండు అయ్యేసరికి పానం గుంజుతది మేడం. చెయ్యి వణుకుతది, దారం పట్టు దొరకది. చెమటలు పోస్తయి. ఇన్ని బిస్కెట్లు ఛాయ్‌ల ఏసుకొని తాగితె తేరుకుంట" అంది. రాత్రి కాళ్లు మండుతున్నాయని, నిద్ర సరిపోవడం లేదని కూడా చెప్పింది.

ఆమె మాటలో జబ్బు మొత్తం ఉంది. నేను "బిస్కెట్లు" దగ్గరే ఆగిపోయాను. ఫైల్లో "తీపి చిరుతిండి ఎక్కువ, నియంత్రణ తక్కువ" అని రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ ఫైల్లో ఉంది, నేను కొట్టేయలేదు.

నిన్న ఏం తిన్నారని అడిగితే వచ్చిన జవాబు: తెల్లారగట్ల ఛాయ్. ఏడింటికి ఛాయ్‌తో మాత్రలు. పదకొండింటికి ఛాయ్, ఎనిమిదో పదో బిస్కెట్లు. ఒంటిగంటకు అన్నం, ఏదో ఒక కూర. సాయంత్రం ఛాయ్, ఉంటే మురుకులు. రాత్రి పదిన్నరకు అన్నం, పచ్చి పులుసు, ఎక్కువ అన్నం. మధ్యలో ఇంకో ఛాయ్. ఐదు ఛాయ్‌లకు రెండేసి చెంచాల చక్కెర అంటే రోజుకు 50 గ్రాములు, 200 కేలరీలు.

మొదటి ప్రయత్నం: చార్టు

అందరికీ ఇచ్చే చార్టే ఈమెకూ ఇచ్చాను. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. పొద్దున, రాత్రి జొన్న రొట్టెలు. మొలకలు. రెండు రకాల కూరగాయలు. తెల్ల అన్నం బదులు దంపుడు బియ్యం. నలభై ఐదు నిమిషాల నడక. అందులో శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు. "సరే మేడం" అని తీసుకుని వెళ్లింది.

రెండు నెలలు దాటాక వచ్చింది. హెచ్‌బీఏ1సీ 9.6, మునుపటి కంటే ఎక్కువ. చార్టు పాటించారా అంటే తొమ్మిది రోజులు పాటించానంది. ఆ తర్వాత నా వల్ల కాలేదంది. నాకు చిరాకు వచ్చి, "అక్కా, పొద్దంతా ఇంట్లోనే ఉంటారు కదా, మీ ఆరోగ్యం కోసం మీరు గంట తీసుకోలేరా?" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. వేళ్ల మీద లెక్క పెట్టుకుని చెప్పింది. "గంటంటే నాలుగు కట్టలు మేడం. నూరు బీడీలు."

అక్కడే కూర్చుని ఇద్దరం నా చార్టును కట్టల్లోకి మార్చాం. రెండు పూటలా రొట్టెలు, పిండి పిసకడం నుంచి గిన్నెలు తోమడం దాకా గంటన్నర, ఆరు కట్టలు. రెండో కూరకు అరగంట, రెండు కట్టలు. నడక మూడు కట్టలు. మొత్తం పదకొండు కట్టలు, అంటే రెండు వందల డెబ్బై ఐదు బీడీలు. రోజు కూలీలో నాలుగో వంతుకు పైగా నేను అడిగాను, అడుగుతున్నానన్న ఆలోచన కూడా లేకుండా. కూలీ పోగొట్టుకునే స్థితి ఆమెకు లేదు కాబట్టి ఆ తొమ్మిది రోజులూ పదకొండు కట్టలను నిద్రలోంచి తీసింది. పన్నెండున్నర దాకా చుట్టి, మళ్లీ నాలుగున్నరకు లేచింది. నిద్ర తగ్గితే ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. షుగర్ తగ్గించడానికి ఇచ్చిన కాగితం ఆమె షుగర్‌ను పెంచే వైపు తోసింది.

దేశంలో 2024లో జరిగిన టైం యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఐదు గంటలకు దగ్గర. ఈమెకు దాని మీద పది గంటల బీడీలు, కార్ఖానాకు పోయి రావడం, అత్తమ్మ పని. ఇన్నింటి మధ్య ఖాళీ గంట ఎక్కడి నుంచి వస్తుందో చార్టు రాసేటప్పుడు నేను ఆలోచించలేదు.

రెండో ప్రయత్నం: రెడీమేడ్

టైం లేనివాళ్లకు టైం పట్టని తిండి ఇద్దామనుకున్నాను. ఓట్స్, ప్యాకెట్ చపాతీలు, అత్యవసరానికి కర్రీ పాయింట్ కూర. ఇది మూడు వారాలు కూడా నడవలేదు. ఓట్స్ ఆమెకు కడుపు నింపలేదు, మధ్యాహ్నం అన్నం ఇంకా పెరిగింది. కర్రీ పాయింట్ కూర తెచ్చిన రోజు నూనె, ఉప్పు రెండూ ఎక్కువే. డబ్బు సంగతి వేరే చెప్పాలా? రేషన్ షాపులో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తోంది. ముగ్గురికి నెలకు 18 కిలోలు. ఉచితంగా వచ్చే తిండి ఇంట్లో పెట్టుకుని ప్యాకెట్ తిండి కొనమనడం ఎంత అసంబద్ధమో నాకు అప్పుడు అర్థం కాలేదు. హన్మకొండలో సాయంత్రం పూట రోడ్డు పక్కన వేడి వేడి జొన్న రొట్టెలు అమ్ముతారు, నా టౌన్ పేషెంట్లు చాలామంది వాటి మీదే నడుస్తున్నారు. ఆమె ఊళ్లో ఆ సౌకర్యం లేదు.

ఇంటికి వెళ్లిన రోజు

ఒక శనివారం క్లినిక్ తొందరగా అయిపోయింది. మీ పని చూడాలని ఉంది, రావచ్చా అని ఫోన్ చేసి అడిగి వెళ్లాను. పది దాటాక చేరి రెండింటి దాకా కూర్చున్నాను. నా ప్రశ్నలకు ఇన్నాళ్లూ దొరకని జవాబులు ఆ నాలుగు గంటల్లో కళ్ల ముందే కనిపించాయి.

మొదటిది చాట. ఆకు, తంబాకు, దారం ఉన్న చాట ఒడిలోకి వచ్చిందంటే ఆమె లేవదు. లేస్తే చాట దించాలి, చేతులు కడగాలి, తిరిగి కూర్చుని చెయ్యి వేగం అందుకోవాలి. నీళ్లు తాగితే బాత్రూంకు లేవాలని నీళ్లు కూడా తక్కువ తాగుతోంది.

రెండోది చేతులు. తంబాకు వేళ్లకు పట్టుకుని ఉంటుంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా వాసన పోదు. ఆ చేత్తో ముద్ద కలిపి తినబుద్ధి కాదు, తినకూడదు కూడా. అందుకని ఆమె బిస్కెట్ ప్యాకెట్‌ను చింపి నేరుగా ఛాయ్ గ్లాసులోకి వంపి, నాననిచ్చి చెంచాతో తింటోంది. నేను "తీపి చిరుతిండి" అని రాసింది దీన్నే. ఆ బిస్కెట్లను ఎంచుకున్నది నాలుక కాదు, చేతులు. చెయ్యి తగలకుండా, లేవకుండా, ఐదు నిమిషాల్లో కడుపులోకి పోయే తిండి ఆ ఇంట్లో అదొక్కటే.

మూడోది, అన్నింటికంటే పెద్దది. పదకొండు దాటాక ఆమె చెయ్యి వణకడం చూశాను. దారం రెండుసార్లు జారింది. నుదుటి మీద చెమట. నా బ్యాగులో గ్లూకోమీటర్ ఉంది. చేతులు కడిగించి చూస్తే 64.

70 కంటే తక్కువైతే షుగర్ పడిపోయినట్టు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 88. అప్పుడు అన్నం పెట్టుకోమన్నాను.

హెచ్‌బీఏ1సీ 9.6 ఉన్న మనిషికి షుగర్ పడిపోతుందని ఎవరం అనుకోలేదు. అది మూడు నెలల సగటు, రోజులో ఎక్కడ పడుతోందో ఎక్కడ లేస్తోందో చూపించదు. మేం చేయించిన పరీక్షలు పరగడుపున ఒకటి, మధ్యాహ్నం తిన్నాక ఒకటి. పొద్దున పదకొండు గంటల సమయం ఆ రెండింటి మధ్య దాక్కుంది. గ్లిమిపిరైడ్ ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే మందు, తిండి వస్తుందన్న లెక్కతో ఇస్తారు. చీటీ మీద "టిఫిన్‌కు ముందు" అని రాసి ఉంది. ఆమె ప్రతిరోజూ తప్పకుండా టిఫిన్‌కు ముందే వేసుకుంది. ఆ టిఫిన్ మాత్రం ఎప్పుడూ రాలేదు. ఏడింటికి మాత్ర, ఒంటిగంటకు అన్నం. మధ్యలో ఆరు గంటలు.

పడిపోయిన షుగర్‌ను ఒళ్లు తనంతట తానే కాపాడుకోవడానికి బిస్కెట్లు అడుగుతోంది. భయంతో కూడిన ఆకలి కాబట్టి రెండు తిని ఆగడం ఎవరి వల్లా కాదు. ఆ పది బిస్కెట్లు మధ్యాహ్నం 248గా కనబడుతున్నాయి. దాన్ని చూసి మేం తిండి తగ్గించమని చెబుతున్నాం. ఆ సాయంత్రం బస్సులో వస్తూ, ఈ వణుకు ఏదో ఒక రోజు ఒంటరిగా ఉన్నప్పుడు స్పృహ తప్పేదాకా వెళ్లి ఉంటే అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఏది ముందు?

సరిచేయాల్సినవి చాలా ఉన్నాయి. రాత్రి ఆలస్యంగా పెద్ద భోజనం, రక్తం తక్కువ, నిద్ర, ఛాయ్‌లలో చక్కెర. హెచ్‌బీఏ1సీని ఎక్కువ తగ్గించేది రాత్రి భోజనాన్ని సరిచేయడమే. అయినా పదకొండు గంటల సంగతే ముందు పట్టుకున్నాం, ఎందుకంటే ప్రాణానికి ముప్పు ఉన్నది అక్కడ. అది ఆగితే బిస్కెట్లు వాటంతట అవే తగ్గుతాయన్న లెక్క కూడా ఉంది.

ఆ రోజే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆయన గ్లిమిపిరైడ్ సగం చేసి, ఒక షరతు పెట్టారు: తిండి గిన్నె ముందర పెట్టుకున్నాకే మాత్ర, ఆ పూట తిండి లేకపోతే ఆ మాత్ర లేదు. ఇది ఆయన ఈమెను చూసి తీసుకున్న నిర్ణయం. చదివేవాళ్లు ఎవరూ తమ మాత్రలను సొంతంగా మార్చుకోవద్దు. షుగర్ పడే లక్షణాలుంటే ఆ సమయానికే పరీక్ష చేసుకుని డాక్టర్‌కు చూపించండి.

ఇక పొద్దటి తిండి. నేను పెట్టుకున్న నియమాలు మూడు. చెంచాతో తినగలగాలి. కొత్తగా ఒక్క కట్ట కూడా పోకూడదు. డబ్బు పెద్దగా పెరగకూడదు. ఏం పెడదామని నేను ఆలోచిస్తుంటే పక్క మంచం మీది నుంచి అత్తమ్మే అంది, "మేం మక్క గటక తిని చేన్లకు పోయినోళ్లమే కదా బిడ్డా." మూడు నియమాలకూ సరిపోయే తిండి ఆ ఇంట్లోనే ఉండి పోయింది.

జొన్న రవ్వను చిక్కగా ఉడికించే గటక తీసుకున్నాం. పిండితో కాచే అంబలి కంటే రవ్వగా ఉంటే కొంచెం మెల్లగా అరుగుతుంది. పొద్దున ఎలాగూ కుక్కర్ పెడుతుంది, అందులోనే ఇంకో డబ్బాలో రవ్వ, నీళ్లు. దించాక సల్ల (మజ్జిగ) పోసి, ఉల్లిగడ్డ ముక్కలు వేసుకుని చెంచాతో తినేయడమే. వేరే పొయ్యి లేదు, వేరే గిన్నె ఒక్కటే.

గటక ఒక్కటే అయితే మళ్లీ పిండి పదార్థమే ఎక్కువ. ప్రొటీన్ కావాలి. పెసర్లు, బొబ్బర్లు, శనగల గుడాలు అనుకున్నాం. మొదటి వారం నాలుగు రోజులు నానబెట్టడం మరిచిపోయింది. ఆకు తడపడం ఎన్నడైనా మరిచిపోయారా అని అడిగాను. "అదెట్ల మరుస్తం మేడం, తెల్లారి పనే ఉండది" అంది. అయితే సాయంత్రం ఆకు తడిపి చేతులు కడుక్కున్నాక మొదటి పని గుడాల గింజలకు నీళ్లు పోయడం అని కట్టుకున్నాం. ఆకు దగ్గర కాదు, వంటింట్లో, మూత పెట్టి. ఆ తర్వాత మరుపు రాలేదు. పొద్దున అవి కూడా కుక్కర్‌లోనే. ఒక గిన్నె ఏడింటికి గటకతో, ఇంకో చిన్న గిన్నె పదకొండింటికి చాట పక్కన, మూత, చెంచాతో సహా. తినేముందు చేతులు కడగడం మాత్రం తప్పదని చెప్పాను. ఆ ఒక్కదానికే లేవాలి కాబట్టి, లేచినప్పుడే నీళ్లు తాగమన్నాను.

పన్నెండు రోజుల్లో పొద్దున పదకొండింటికి వచ్చే వణుకు ఆగిపోయింది. బిస్కెట్లు మానేయమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. కొనడం ఆమే తగ్గించింది.

రాత్రి భోజనం దగ్గర ఓడిపోవడం

దీన్ని తేలిక అనుకున్నాను. ఏడున్నరకు తినేయండి, అప్పటికి సగం పని అయి ఉంటుంది కదా అన్నాను. రెండుసార్లు ప్రయత్నించి మానేసింది. కారణం అడిగితే మాట దాటేసింది. మూడోసారి ఫోన్లో చెప్పింది. సౌదీలో రాత్రి ఎనిమిదంటే మనకు పదిన్నర. భర్త డ్యూటీ దిగి, వంట చేసుకుని, వీడియో కాల్ చేసి ముందర పళ్లెం పెట్టుకుని కూర్చుంటాడు. ఈమె కూడా పళ్లెం పెట్టుకుని కూర్చుంటుంది. పద్నాలుగేళ్లుగా వాళ్లిద్దరూ కలిసి తినేది ఆ ఒక్క పూటే.

దాని ముందు నా దగ్గర వాదించడానికి ఏమీ లేదు. రాత్రి ఆలస్యంగా తింటే షుగర్ ఎక్కువగా, ఎక్కువసేపు పెరిగి ఉంటుందన్నది నిజమే. ఆ పూట వాళ్ల కాపురం అన్నదీ నిజమే. పళ్లెంలో ఏముండాలన్నది మార్చవచ్చు, పళ్లెం ఉండాలా వద్దా అన్నది మార్చే హక్కు నాకు లేదు. అన్నం, కూర ఏడున్నరకు. పదిన్నరకు పళ్లెంలో ఒక గ్లాసు సల్ల, ఉడికిన గుడ్డో, మిగిలిన గుడాలో, కీర ముక్కలో. భర్తకు విషయం ఆమే చెప్పింది. ఆయన అర్థం చేసుకున్నాడు, తన పళ్లెంలో కూడా కీర పెట్టుకోవడం మొదలుపెట్టాడట.

కానీ ఏడున్నరకు అన్నం వండేదెవరు? సాయంత్రం ఆకు తడపడం, అత్తమ్మకు స్నానం, నల్లా నీళ్లు అన్నీ ఆ గంటలోనే. ఇక్కడ కొత్త టైం పుట్టదు, ఎవరో ఒకరి టైం రావాలి. కొడుకును క్లినిక్‌కు రమ్మన్నాను. మంచి పిల్లవాడు. అమ్మకు షుగర్ అని తెలుసు, వణుకు సంగతి తెలియదు. 64 అంటే ఏమిటో, ఆ సమయంలో అమ్మ ఒంటరిగా ఉంటే ఏమవుతుందో చెప్పాను. చక్కెర నీళ్లు ఎలా ఇవ్వాలో, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఎందుకు ఆసుపత్రికి తీసుకెళ్లాలో నేర్పాను. ఆ తర్వాతే కుక్కర్ మాట ఎత్తాను. సాయంత్రం అన్నం, పప్పు కుక్కర్ పెట్టడం, నానమ్మకు పెట్టి తినిపించడం అతని పని అయింది. మొగపిల్లగానితో వంట ఏందని అత్తమ్మ వారం రోజులు గొణిగింది. పరీక్షలప్పుడు రెండు వారాలు మొత్తం ఆగిపోయింది, ఆమె షుగర్ చీటీలో ఆ రెండు వారాలు స్పష్టంగా కనబడ్డాయి. మళ్లీ మొదలైంది.

అన్నం మానమని చెప్పలేదు. ముందు కూర, పప్పు సగం తిని, తర్వాత అన్నం. గంటెతో మూడు పెట్టుకునేది రెండుకు తగ్గింది. నడకకు వేరే టైం అడగలేదు. రోజులో నిలబడి చేసే పనులు ఎలాగూ ఉన్నాయి: అంట్లు, నీళ్లు, ఆకు. వాటిని తినడానికి ముందు నుంచి తిన్న వెంటనేకి జరిపాం. తిన్నాక కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరను అవి వాడుకుంటాయి, పావుగంట అయినా పనికొస్తుంది.

రక్తహీనతకు డాక్టర్ గారు ఐరన్ ఇచ్చారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గే అవకాశం ఉంది కాబట్టి, కాళ్ల మంటలు కూడా ఉన్నాయి కాబట్టి అదీ చూశారు. తక్కువే ఉంది. అన్నంతో పాటు ఛాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని, తిండికి ఛాయ్‌కి మధ్య గంట ఉంచమన్నాను. ఛాయ్‌లు ఐదు నుంచి మూడయ్యాయి, చక్కెర రెండు చెంచాల నుంచి అరచెంచాకు మెల్లగా దిగింది. గంగవాయిల కూర, మునగాకు ఊళ్లో ఊరికే దొరుకుతాయి, పప్పులో పడుతున్నాయి.

ఫలితం

మార్పులు మొదలైన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 8.4. మధ్యలో సద్దుల బతుకమ్మ వచ్చింది, సత్తుపిండి, మలీద ముద్దలు తినకుండా ఉండమని నేను చెప్పలేదు, ఆమె తిన్నది. ఆరు నెలలకు 7.8. షుగర్ పడిపోవడం ఆ తర్వాత ఒక్కసారే, కార్ఖానాలో ఆలస్యమైన రోజు. హిమోగ్లోబిన్ 11కు వచ్చింది. బరువు కిలోన్నర తగ్గింది. నిద్ర చాలా రోజుల్లో ఆరు గంటలు. 7.8 ఇంకా ఎక్కువే, ఇక్కడితో అయిపోలేదు. కానీ ఆమె కట్టలు నలభైకి నలభై ఉన్నాయి.

సంక్రాంతి తర్వాత ఈ ఏర్పాటంతా ఒకసారి చెదిరిపోయింది. బీడీ పని తగ్గిన రోజుల్లో ఆమె పసుపు తవ్వే కూలికి వెళ్లింది. ఏడింటికే ఆటో. చాట లేదు, పక్కన గిన్నె లేదు. మూడు రోజులు పాత పద్ధతిలో మాత్ర వేసుకుని తినకుండా వెళ్లింది. నాలుగో రోజు కొడుకు ఫోన్ చేశాడు. ఈసారి ఎక్కువ ఆలోచించాల్సిన పని పడలేదు. గటక టిఫిన్ డబ్బాలో, మాత్ర చిన్న పొట్లంలో డబ్బా మూతకు అంటించి. డబ్బా తెరిస్తేనే మాత్ర.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

కొత్త పేషెంట్‌కు మొదటి రోజు చార్టు ఇవ్వడం మానేశాను. ముందు నిన్నటి రోజు మొత్తం చెప్పించుకుంటాను, ఏం తిన్నారో మాత్రమే కాదు, ఆ సమయంలో చేతులు ఏం పని చేస్తున్నాయో కూడా. నేను చెప్పే ప్రతి సలహా పక్కన నిమిషాలు రాస్తాను. ఆ నిమిషాలు ఎవరివో అడుగుతాను. ఆటో డ్రైవర్‌కు ట్రిప్పుల్లో, టైలర్‌కు జాకెట్లలో లెక్క వస్తుంది. పదిహేను నిమిషాలకు మించి అడగాల్సి వస్తే, ఇంట్లో ఇంకొకరిని పిలవకుండా ఆ మాట చెప్పను.

మాత్రల చీటీలో "టిఫిన్‌కు ముందు" అని కనబడితే, మీరు టిఫిన్ తింటారా, ఎన్నింటికి తింటారు అని తప్పకుండా అడుగుతున్నాను. గ్లిమిపిరైడ్ లాంటి మందులు వాడుతూ పొద్దున తినని మనుషులు ఇంతమంది ఉన్నారని నాకు ముందు తెలియదు. ఈ ఆరు నెలల్లో ఇంకో నలుగురు దొరికారు, ముగ్గురు ఆడవాళ్లే.

ఇంకా కానిది

షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి కంటి లోపలి పొర పరీక్ష జరగాలి. ఈమెకు ఐదేళ్లలో ఒక్కసారీ కాలేదు. కరీంనగర్ వెళ్లాలి. కంట్లో చుక్కలు వేస్తే ఆ పూట చూపు మసకగా ఉంటుంది, వచ్చాక బీడీలు చుట్టడం కుదరదు. రోజంతా పోతుంది. నలభై కట్టలు. అత్తమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. మూడుసార్లు తేదీ అనుకుని మూడుసార్లూ వాయిదా పడింది. ఈ నలభై కట్టలను తగ్గించే ఉపాయం నా దగ్గర లేదు. నెలకోసారి కెమెరాతో కంటి ఫొటోలు తీసేవాళ్లను మన క్లినిక్‌కే రప్పించగలమా అని డాక్టర్ గారితో మాట్లాడుతున్నాను, ఇంకా కుదరలేదు.

మొన్న శనివారం ఆమె వచ్చినప్పుడు మళ్లీ ఆ మాట ఎత్తాను. వచ్చే నెల కార్ఖానాలో పని ఉండని రోజులు ఎన్నో ముందే చెబుతామన్నారట. కూతురు ఆ వారం పుట్టింటికి వస్తోంది. ఫోన్ తీసి కొడుకుతో తేదీ చూపించుకుని, క్లినిక్ గోడకున్న క్యాలెండర్ మీద నా పెన్నుతో ఆమే గీత పెట్టింది.